భార్య సొమ్ము ఎవరిది? – ‘గ్రీడ్’ మూకీ చిత్రంలో దాంపత్యం, ధనం, ధర్మం

ప్రవేశిక

భార్యకు సొంతమైన ధనంపై భర్తకు ఏ మేరకు హక్కు ఉంటుంది? ఆపదలో ఉన్న భర్త అడిగినప్పుడు ఇవ్వకపోవడం భార్య దోషమా, ఆమె స్వాతంత్ర్యమా? 1924లో విడుదలైన అమెరికన్ మూకీ చిత్రం ‘గ్రీడ్’ ఈ ప్రశ్నను ఒక దిగువ మధ్యతరగతి దాంపత్యంలో నిలిపి చూపింది. దర్శకుడు ఎరిక్ వాన్ స్ట్రోహైమ్. 1899లో వెలువడిన ఫ్రాంక్ నారిస్ నవల ‘మెక్‌టీగ్’ దీనికి ఆధారం. చిత్రం పేరును తెలుగులో ‘లోభం’ అనవచ్చు. లోభాన్ని అరిషడ్వర్గంలో ఒకటిగా ఎరిగిన పాఠకుడు ఈ కథను ఒక వ్యక్తి దుర్గుణం తెచ్చిన పతనంగా చదివే అవకాశం ఎక్కువ. ఆ పఠనం అసంపూర్ణమని, ఈ దాంపత్యంలో లోభం కంటే ముందు విశ్వాసలోపం ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

లాటరీ సొమ్ము, వర్గస్థితి

మెక్‌టీగ్ గనుల్లో పనిచేసి వచ్చినవాడు. ఊరూరా తిరిగే ఒక దంతవైద్యుని వద్ద పని నేర్చుకుని, పట్టా లేకుండానే శాన్ ఫ్రాన్సిస్కోలోని పోల్క్ వీధిలో వైద్యం చేస్తుంటాడు. ట్రీనా వలస కుటుంబంలోని పిల్ల. ఆమెను మొదట కోరుకున్న మార్కస్, మిత్రుడైన మెక్‌టీగ్ కోసం పక్కకు తప్పుకుంటాడు. పెళ్లికి ముందే ట్రీనాకు లాటరీలో 5,000 డాలర్లు వస్తాయి. దానితో మార్కస్ త్యాగం పగగా మారుతుంది. తాను వదులుకున్నది ట్రీనాను కాదు, ఆ సొమ్మును అన్నట్లు రగిలిపోతాడు. ‘కన్యాశుల్కం’ నాటకంలో పిల్లకు కట్టిన వెల తండ్రి చేతికి చేరుతుంది. ఇక్కడ సొమ్ము పిల్ల చేతిలోనే ఉన్నది. అయినా ఆమెను సొమ్ముతో కలిపి లెక్కించే పురుషుల చూపులో తేడా లేదు.

మార్కస్ ఫిర్యాదుతో మెక్‌టీగ్ వైద్యం ఆగిపోతుంది. పట్టా లేని వృత్తిపై నిలిచిన గౌరవం ఒక్క ఉత్తరంతో కూలిపోతుంది. ఇల్లు చిన్నదవుతుంది, సామాను అమ్ముడుపోతుంది. ట్రీనా మాత్రం అసలు సొమ్మును కదల్చనివ్వదు. ఆమె పట్టుదలకు లోభమొక్కటే కారణమనడం తొందరపాటు. భర్త సంపాదన ఏ క్షణాన ఆగిపోతుందో తెలియని ఇంట్లో ఆ సొమ్మే ఆమెకు మిగిలిన భద్రత.

స్త్రీధనం, ఆపద్ధర్మం

చట్టం ట్రీనా పక్షాన ఉన్నది. 1849 నాటి కాలిఫోర్నియా రాజ్యాంగం పెళ్లికి ముందు స్త్రీకి ఉన్న ఆస్తిని ఆమె ప్రత్యేక ఆస్తిగా గుర్తించింది. భారతీయ ధర్మశాస్త్రాల్లోని స్త్రీధన భావన దీనికి సమాంతరంగా కనిపిస్తుంది. కరవు, ధర్మకార్యం, వ్యాధి, నిర్బంధం అనే సందర్భాల్లో తీసుకున్న స్త్రీధనాన్ని భర్త తిరిగి ఇవ్వనక్కరలేదని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతుంది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర వ్యాఖ్యను కేతన 13వ శతాబ్దంలో తెలుగులోకి తెచ్చాడు. కనుక ఈ చర్చ తెలుగు సాహిత్యానికి పరాయిది కాదు.

అయితే స్మృతి మినహాయింపు ఒక ప్రశ్నను మిగులుస్తుంది: ఆపద వచ్చిందని నిర్ణయించవలసినది ఎవరు? తీసుకునేవాడే నిర్ణేత అయితే స్త్రీధనం పేరుకు మాత్రమే మిగులుతుంది. ఇచ్చేవారే నిర్ణేతలైతే ఎదుటివారి ఆకలి వారి దయపై ఆధారపడుతుంది. ‘గ్రీడ్’ ఈ రెండు ప్రమాదాలనూ చూపుతుంది. ట్రీనా భర్త కూలి డబ్బును కూడా తీసుకుని, బండి ఛార్జీకి సైతం ఇవ్వక అతన్ని వానలో నడిపిస్తుంది. భద్రత కోసం దాచిన సొమ్ము ఇక్కడ భద్రత అనే అర్థాన్ని కోల్పోతుంది. తరువాత ఆమె బంగారు నాణేలను పడకపై పరచుకుని పడుకుంటుంది. భర్త ఉండవలసిన చోటును ధనం ఆక్రమించిందని ఆ దృశ్యం మాటలు లేకుండానే చెబుతుంది. మరోవైపు మెక్‌టీగ్ అభ్యర్థన హింసగా మారుతుంది. అతడు ఆమె వేళ్లు కొరుకుతాడు, చివరకు హత్య చేసి నాణేలతో పారిపోతాడు.

కత్తిరింపు కలిగించిన మార్పు

నలభైకి పైగా రీళ్ల తొలి కూర్పు విడుదల నాటికి దాదాపు పది రీళ్లకు తగ్గింది. నవలలో ట్రీనా దాంపత్యానికి ఇరువైపులా మరో రెండు జంటలు ఉన్నాయి. పాతసామాను వర్తకుడు జెర్కోవ్, మరియా చెప్పే బంగారు పాత్రల కథను నమ్మి ఆమెను పెళ్లాడి, చివరకు చంపుతాడు. వృద్ధులైన గ్రానిస్, మిస్ బేకర్ మాత్రం మౌనమైన ఆప్యాయతతో దగ్గరవుతారు. స్ట్రోహైమ్ చిత్రించిన ఈ ఉపకథలు కత్తిరింపులో పోయాయి. మూడు జంటలను పక్కపక్కన చూసినప్పుడు ధనం ఒక్కొక్క బంధాన్ని ఒక్కొక్క రీతిలో పరీక్షిస్తున్నట్లు తెలుస్తుంది. ఒక్క జంటే మిగిలినప్పుడు అది ట్రీనా స్వభావదోషంగా కనిపిస్తుంది. కాబట్టి ఆమెను లోభిగా నిర్ధారించే తీర్పులో కత్తిరింపుకూ భాగం ఉన్నది.

ముగింపు

అవసరం ఎదుటివారి కరుణను కోరే అర్హతను ఇస్తుంది; వారి సొత్తుపై యాజమాన్యాన్ని ఇవ్వదు. సొంత ధనాన్ని ఇవ్వకుండా ఉండే హక్కు ట్రీనాకు ఉన్నది. అయితే కళ్లెదుట ఉన్న బాధను పట్టించుకోవలసిన బాధ్యత నుంచి ఆ హక్కు ఆమెను తప్పించదు. ఈ రెండు లోపాలు సమానమైనవి కావు. ఆమెది కర్తవ్యలోపం, అతనిది నేరం. ఆమె లోపాన్ని అతని నేరానికి కారణంగా చెప్పవచ్చును గాని సమర్థనగా చెప్పరాదు. డెత్ వ్యాలీ ఎడారిలో చచ్చిన కంచరగాడిద పక్కన, నీరు ఒలికిపోయిన చోట నాణేలు చెదరి పడి ఉంటాయి. వెంటాడి వచ్చిన మార్కస్ శవానికి సంకెలతో బంధింపబడి మెక్‌టీగ్ మిగులుతాడు. దానభోగాలకు నోచుకోని ధనానికి నాశమే గతి అన్న నీతి ఇక్కడ సరిపోతుంది. అయితే ఆ ధనాన్ని కలిసి అనుభవించగల విశ్వాసం ఆ ఇంట్లో ఎందుకు పుట్టలేదన్నది ఆ నీతి అడగని ప్రశ్న. ‘గ్రీడ్’ నైతిక విలువ ఆ ప్రశ్నలోనే ఉన్నది.