మీట నొక్కిన నామం లిఖితజపమవుతుందా?

భగవన్నామాన్ని పైకి వినబడేలా పలకడం వాచికజపమనీ, పెదవులు మాత్రమే కదిలేలా పలకడం ఉపాంశుజపమనీ, మనసులోనే మననం చేయడం మానసజపమనీ విభజించే పెద్దలు, నామాన్ని రాస్తూ చేసే సాధనకు లిఖితజపమని వేరే పేరు పెట్టారు. తెలుగునాట దీనికి ప్రసిద్ధమైన రూపం రామకోటి. గళ్లు అచ్చువేసిన పుస్తకంలో గడికొక నామం చొప్పున కోటి నామాలు పూర్తిచేసి, ఆ పుస్తకాలను భద్రాచలంలోనో ఊరి రామాలయంలోనో సమర్పిస్తారు. రోజుకు వెయ్యి నామాలు రాసినా కోటికి 10,000 రోజులు, అంటే 27 ఏళ్లకు పైగా పడుతుంది. ఒకవైపు నర్కుడ దగ్గరి అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయం, మరొకవైపు 2008లో మొదలైన అంతర్జాతీయ విమానాశ్రయం ఉన్న శంషాబాద్, కొత్తూరు ప్రాంతంలో పాత సాధనలూ కొత్త పరికరాలూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, ఒక ప్రశ్నను ఇక్కడ నిలిపి విచారించడం సముచితం: కాగితానికి బదులు ఇ-పేపర్ పలకనూ, కలానికి బదులు బ్లూటూత్ కీబోర్డునూ వాడితే ఆ రాత లిఖితజపమే అవుతుందా?

ముందుగా పరికరం ఏమి చేస్తుందో తెలియాలి. ఇ-పేపర్ తెరలో అతిసూక్ష్మమైన గుళికలుంటాయి. ఒక్కొక్క గుళికలోని ద్రవంలో వ్యతిరేక విద్యుదావేశాలున్న తెల్లని, నల్లని రేణువులు తేలుతుంటాయి. కింది నుంచి విద్యుత్ పీడనం మారినప్పుడు నల్లవి పైకి వచ్చిన చోట గీత కనబడుతుంది, విద్యుత్తు ఆపినా అది చెరగదు. ఈ పలకపై ప్రత్యేకమైన కలంతో రాస్తే, కలం ములికి కదిలిన దారినే రేణువులు అనుసరిస్తాయి. కీబోర్డు పని ఇందుకు పూర్తిగా భిన్నం. మీట నొక్కినప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద పలకకు చేరేది అక్షరం కాదు, ఆ మీటకు కేటాయించిన సంకేతసంఖ్య మాత్రమే. దాన్ని ఏ అక్షరంగా గ్రహించాలో పలకలోని అమరిక నిర్ణయిస్తుంది, ఆ అక్షరం ఏ ఆకారంలో కనబడాలో ఫాంటు నిర్ణయిస్తుంది. ఓనిక్స్ బూక్స్ వంటి ఆండ్రాయిడ్ పలకల్లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అమరికను ఎంచుకుంటే ‘శ్రీరామ’ అన్న మూడక్షరాల నామానికి షిఫ్టు మీటను మినహాయించి ఏడు మీటలు నొక్కాలి: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, మళ్లీ ర, దీర్ఘం, మ. చేత్తో రాసేవారు శకారానికి గుడిదీర్ఘం పెట్టి కింద రవత్తు చేరుస్తారు. యంత్రానికి మాత్రం వత్తు ముందు, గుడిదీర్ఘం తరువాత. పైగా ఇ-పేపర్ రేణువులు మెల్లగా కదులుతాయి గనుక వేగంగా టైపు చేసేవారి వేలు తరువాతి మీటకు వెళ్లాకే ముందరి అక్షరం తెర మీద తేలుతుంది.

ఈ వ్యత్యాసం సాధనకు అడ్డు వస్తుందా లేదా అన్నది తేల్చడానికి పూర్వమీమాంస, అంటే వేదవిధుల అర్థాన్ని నిర్ణయించే శాస్త్రం, మంచి పనిముట్లను ఇస్తుంది. రామకోటికి వేదవిధి లేదు, అది శిష్టాచారం, అంటే సజ్జనుల ఆచరణ వల్ల నిలిచిన సంప్రదాయం; అందువల్ల ఇక్కడ మీమాంసను అన్వయించడం సామ్యం మీదనే తప్ప శాసనంగా కాదు. అయినా ఆ శాస్త్రానికి మూలమైన జైమిని సూత్రాల ఆరవ అధ్యాయంలోని ప్రతినిధి విచారం ఈ ప్రశ్నకు అచ్చంగా సరిపోతుంది. ప్రతినిధి అంటే విహితమైన వస్తువు దొరకనప్పుడు దాని స్థానంలో వాడే వస్తువు. వరిధాన్యం లభించకపోతే దాన్ని పోలిన నీవారాలు, అంటే అడవి వడ్లు, వాడి యాగం పూర్తిచేయవచ్చు. ద్రవ్యానికి ఈ వెసులుబాటు ఉంది. దేవతకూ, అగ్నికీ, మంత్రానికీ, క్రియకూ లేదు.

తాటాకు, కాగితం, ఇ-పేపర్ ద్రవ్యాలు. గంటం, ఈకకలం, బాల్‌పెన్ను, ఇ-పేపర్ కలం సాధనాలు. తాటాకు మీద గంటంతో గీసిన చేయి, కాగితం మీద సిరాతో రాసినప్పుడు చేసే పనిని మార్చుకోలేదు. రెండు చోట్లా అక్షరం ఆకారాన్ని చేయి ఆమూలాగ్రం నడిచి వచ్చింది. ఇ-పేపర్ మీద కలంతో రాసినా అంతే గనుక, అది నీవారాల వంటి న్యాయమైన ప్రతినిధి. కీబోర్డు దగ్గర మారింది సాధనం ఒక్కటే కాదు, క్రియే మారింది. అక్షరాన్ని గీసే పని యంత్రానిది, గీయించే పని మనిషిది. వ్యాకరణం చేయించేవాడిని ప్రయోజక కర్త అనీ, అతని ప్రేరణతో చేసేవాడిని ప్రయోజ్య కర్త అనీ వేరు చేస్తుంది. టైపు చేసే సాధకుడు లేఖన విషయంలో ప్రయోజక కర్త మాత్రమే.

మీట నొక్కడం మాత్రం శరీరంతో చేసే పని కాదా, వేళ్లు కదలడం లేదా, చివరికి పలక మీద నిలిచేది అదే నామం కదా అన్న ఆక్షేపణ బలమైనదే. దీనికి మీమాంసలోని నియమవిధి సమాధానం చెబుతుంది. వడ్ల పొట్టును గోళ్లతో ఒలిచినా పోతుంది. అయినా యాగానికి వాడే ధాన్యాన్ని దంచే పొట్టు తీయాలని విధి ఉంది. పొట్టు పోవడం కంటికి కనిపించే ఫలం, అది ఏ దారిలోనైనా సిద్ధిస్తుంది. దంచడమనే నియమం వల్ల కలిగే అదృష్టఫలం, అంటే కంటికి కనబడని సంస్కారం, ఆ ఒక్క దారిలోనే సిద్ధిస్తుంది. నామం పలక మీద నిలవడం పొట్టు పోవడం వంటి ఫలం. లిఖితజపం కోరేది మనసు, వాక్కు, శరీరం అనే మూడు కరణాలనూ ఒకే నామం మీద ఒకే క్షణంలో నిలపడం. కన్ను, చేయి, మనసు ఒకే గీత మీద కలిసి సాగే ఆ కూడిక, వేలు ఒకచోట, తెర మీది అక్షరం మరొకచోట, కాస్త ఆలస్యంగా ఉన్నప్పుడు సడలిపోతుంది. ఒక్కసారి టైపు చేసి వేయిసార్లు నకలు తీయడం గురించి చర్చ కూడా అనవసరం, అక్కడ జపమే లేదు.

అయితే రాతలన్నీ లిఖితజపాలు కావు. కొత్తూరుకు సమీపంలోని కాన్హా శాంతి వనం హార్ట్‌ఫుల్‌నెస్ ధ్యానమార్గానికి ప్రధాన కేంద్రం. 1945లో షాజహాన్‌పూర్‌కు చెందిన రామచంద్రజీ స్థాపించిన శ్రీ రామచంద్ర మిషన్ నుంచి వచ్చిన ఈ మార్గంలో, ధ్యానానంతరం తన అంతరంగ స్థితిని డైరీలో రాసుకోవడం ఒక అంగం. అక్కడ రాతకు ప్రయోజనం అంతర్దృష్టి. అక్షరం దానికి వాహనం మాత్రమే. సూక్ష్మమైన అనుభూతి చెదరకముందే మాటల్లో పెట్టాలంటే, చేతిరాత కన్నా వేగంగా టైపు చేయగలవారికి కీబోర్డే మేలు కావచ్చు. అందులోనూ సందేశాలు, ప్రకటనలు ఎడతెగక తోసుకువచ్చే ఫోనుతో పోలిస్తే రాతకే పరిమితం చేసుకున్న ఇ-పేపర్ పలక సాధకుడికి ఎంతో హితమైనది.

శంషాబాద్ దగ్గరి ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కరించిన 216 అడుగుల విగ్రహం ఎవరిదో ఆ రామానుజుల గురించి సంప్రదాయం చెప్పే వృత్తాంతం ఈ విచారానికి మరింత వెలుగునిస్తుంది. బ్రహ్మసూత్రాలకు తన వ్యాఖ్య అయిన శ్రీభాష్యాన్ని రామానుజులు చెబుతుండగా శిష్యుడు కూరత్తాళ్వాన్ రాశారనీ, తనకు సమ్మతం కాని మాట వచ్చినప్పుడు రాత ఆపమని గురువే శిష్యుణ్ని ఆదేశించారనీ ప్రతీతి. రాసిన చేయి శిష్యుడిదైనా గ్రంథకర్తృత్వం రామానుజులదే, దానికి లోటు రాలేదు. ఆలోచనకు రాత సేవకుడైనప్పుడు చేయి ఎవరిదైనా, పరికరం ఏదైనా దోషం లేదని దీని వల్ల తేలుతుంది. కానీ ఆ లేఖకుడి చేయి ఆగగల చేయి అన్నది మరువరానిది. ఏ మాటకు ఎక్కడ ఆగాలో కీబోర్డుకు తెలియదు గనుక, డైరీ టైపు చేసే సాధకుడు ఆ వివేకాన్ని కూడా తానే వహించాలి.

సమర్పణ విషయంలో చిక్కు మిగిలే ఉంది. దేవతను ఉద్దేశించి ద్రవ్యాన్ని త్యజించడమే యాగమని మీమాంసకుల నిర్వచనం. ఇచ్చాక ఇచ్చినవాడి దగ్గర అది మిగలకూడదు. ఫైలును ఎన్నిసార్లు ఇచ్చినా అది పలకలో మిగిలే ఉంటుంది. ఇ-పేపర్ మీద కలంతో రాసినవారు సైతం పుటలను కాగితం మీద అచ్చు తీసి సమర్పించి, పలకలోని ప్రతిని చెరిపివేస్తేనే త్యాగం పూర్తవుతుంది.

కీళ్లవాతంతోనో, పక్షవాతంతోనో కలం పట్టలేనివారి సంగతి వేరు. నిత్యకర్మను, అంటే ఫలాపేక్ష లేకుండా జీవితాంతం చేయవలసినదాన్ని, అంగాలన్నీ కుదరకపోయినా శక్తి మేరకు చేయవచ్చని జైమిని సూత్రాలే అనుమతిస్తున్నాయి. నిత్యసాధనగా చేసే రామకోటికీ ఇదే సామ్యం వర్తిస్తుంది. అందువల్ల చేయి సహకరించేవారు పలక మీదనైనా కలంతోనే నామం రాయాలి; సహకరించనివారు కీబోర్డు మీద ఒక్కొక్క నామాన్నీ పలుకుతూ టైపు చేస్తే, వారి శక్తికి అదే పూర్ణమైన రామకోటి. అటువంటి వృద్ధులు తెచ్చే ముద్రిత ప్రతులను చేతిరాత పుస్తకాలతో సమానంగా స్వీకరించాలని రామాలయాల నిర్వాహకులకు విన్నపం.