ఓడ నమూనాలో లోపమును దిద్దవచ్చునా?



పాతకాలపు ఓడలను వాటి కొలతలు తప్పకుండ కొయ్యతో చిన్నవిగా చేయుట పడమటి దేశములలో అనేకులకు తీరికవేళల పని. మొదట అడుగుదూలము నిలిపి, దానికి పక్కటెముకలవంటి కొయ్యలు అమర్చి, వాటిమీద పలుచని పలకలను నానబెట్టి వంచి అతికింతురు. ఒక్కొక్క ఓడకు నెలలు, సంవత్సరములు పట్టును. పలకలు వేసిన తరువాత లోపలి ఎముకలు ఎవరికిని కనబడవు. అయినను అవి వంకరయైనయెడల పైపలక సరిగా కూర్చుండదు.

ఇట్టివారు ప్రీతితో చేయు ఓడలలో స్వీడన్ దేశపు వాసా యొకటి. గుస్తావ్ అడాల్ఫ్ రాజు ఆజ్ఞచొప్పున కట్టబడిన యీ యుద్ధనౌక 1628 ఆగస్టు 10వ తేదీన స్టాక్‌హోమ్ రేవునుండి మొదటి ప్రయాణమునకు బయలుదేరి, మైలు దూరమైనను పోకమునుపే గాలికి ఒరిగి మునిగిపోయెను. సుమారు 30 మంది చనిపోయిరి. ఓడ పైభాగము మిక్కిలి బరువు. అడుగుభాగము దానిని నిలుపుటకు చాలినది కాదు. ఈ సంగతి ముందు తెలియకపోలేదు. 30 మందిని ఓడమీద ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు పరుగెత్తించి చూచిరి. మూడు పరుగులకే అది భయంకరముగా ఊగెను. పరీక్షను ఆపిరి గాని ప్రయాణమును ఆపలేదు. రాజు తొందరపెట్టుచుండెను, ఎరిగినవారు ఊరకుండిరి.

1961లో ఆ ఓడను పైకి తీసిరి గనుక నేడు దాని కొలతలు అందరికిని తెలియును. అయితే నమూనా చేయువాడు అడుగును కొంచెము వెడల్పు చేసి లోపమును దిద్దరాదా? అది బల్లమీద నుండునదే గాని నీటిలో దిగునది కాదు. చూచువారికి తెలియదు. అయినను అట్లు దిద్దినది వాసా కాదు. ఆ 30 మంది ఏల చనిపోయిరో అది చెప్పజాలదు.

మన పెద్దల చరిత్ర చెప్పునప్పుడు ఇదే ప్రశ్న మనకును వచ్చును. సంఘ వార్షికోత్సవములో, చనిపోయిన వారి జ్ఞాపకార్థ కూటములో, వారి తప్పులను మరుగుపరచుటయే మర్యాద యనుకొందుము. నోవహు కుమారులు తండ్రి దిగంబరత్వమును కప్పలేదా యని యొకరడుగవచ్చును (ఆది. 9). నిజమే, కప్పినవారు దీవెన పొందిరి. కాని ఆ సంగతిని దాచక వ్రాసినది కూడ ఆ గ్రంథమే. దావీదు పాపమును, పేతురు బొంకును అది దాచలేదు. హాము బయటికి పోయి చెప్పినది తండ్రిమీది ప్రేమచేత కాదు. సంవత్సరములకొలది ఒక్కొక్క పలకను ప్రేమతో చెక్కినవాడు ఓడ లోపమును చూపుట వేరు. దారిన పోవువాడు దానిని చూచి నవ్వుట వేరు.

మరియొక సంగతి. వాసా పైభాగము నీలి రంగని మొదట తలంచిరి. తరువాత కొయ్యలో మిగిలిన రంగును పరీక్షింపగా ఎరుపని తేలెను. నీలము పూసిన నమూనా ఎంత అందముగా నున్నను సరియైనది కాదు. కాబట్టి తెలిసిన తప్పును దాచకుండుట యెంత అవసరమో, తెలియని తప్పును ఊహించి ఒకరికి పూయకుండుటయు అంత అవసరము.

సహోదరులారా, మన పిల్లలు మననుండి నేర్చుకొనవలసినది మెరుగు పెట్టిన కథ కాదు. పెద్దలు ఎచ్చట ఒరిగిరో వారికి ప్రేమతో చెప్పుదము. మన సంఘములో నేడు ఓడ ఊగుచుండగా చూచిన వారెవరైన నున్నయెడల, ప్రయాణమునకు ముందే నోరు తెరచుదురు గాక.