ధర్మమైన వెల

శ్రీశైల మల్లికార్జునుని దర్శించినవారు రుద్రాక్ష కొని తెచ్చుకొనుట పరిపాటి. నేడది ఆన్‌లైన్ అంగళ్లలో ఇంటికే వచ్చుచున్నది. రుద్రాక్ష అష్టావరణములలో ఒకటి. కనుకనే కొనువాని భక్తి వంచకునికి పెట్టుబడియైనది. గుండ్రని ఏకముఖి మిక్కిలి అరుదు. అయినను ప్రతి అంగడిలోను అది స్వల్పవెలకే దొరకునట! ముఖములు చెక్కినవి, జిగురుతో అతికించినవి కలవు. నీట మునిగినంతనే నిజమైనదని నమ్మరాదు. శ్రీశైల దేవస్థానపు వసతిగదుల పేరిట సైతము దొంగ వెబ్‌సైట్లు వెలసి యాత్రికుల సొమ్ము హరించినవి.

వంచకుని పాపము వంచకునిదే. కాని వేలు చేయు వస్తువు వందకు వచ్చుననగానే మనసేల పొంగవలెను? నులియ చందయ్య తాళ్లు పేని జీవించిన శరణుడు. అతని లింగమే తాడు నమ్మి బసవన్న యొద్దనుండి అధికధనము తెచ్చినను, న్యాయమైన వెలకు మించినది తనకు వలదనెనని శరణకథ. అది అమ్మువాని కాయకశుద్ధి. ఆ శుద్ధి కొనువానికి అక్కరలేదా?

అమ్మువాని చిరునామా, సరకు తిరిగి తీసుకొను షరతు మొదట చూడవలెను. అంగడికి వెలుపల నేరుగా సొమ్ము పంపుమన్నచో పంపరాదు. ఓటీపీ ఎవరికిని చెప్పరాదు. పెక్కుమంది మోసపోయియు సిగ్గుచే దాచుదురు. ఆ మౌనముననే అదే అంగడి మరునాడు పొరుగువానికి అమ్మును. వెంటనే 1930కు ఫోను చేసి, ఆ సంగతి తమ మఠమునందును చెప్పవలెను.