మృతుల ఋణము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో మధుమేహమనఁగానే జనులు ఇన్సులినునే తలఁతురు. క్లోమమునందలి ఆల్ఫా కణములను తలఁచువారరుదు. 1923లో పేరు వడసిన గ్లూకగానును స్రవించి, ఉపవాసమునాఁడు రక్తమునఁ జక్కెర నిలుపునవి యివియే. మధుమేహమున హద్దు మీఱి దానిని పెంచునవియు నివియే.

వీనిని చిట్టెలుకలందు మాత్రమే పరీక్షించినఁ జాలదు. చిట్టెలుకలో నివి లాంగర్‌హాన్స్ పుటికల యంచున నుండఁగా, మనుష్యునిలో బీటా కణములతోఁ గలసియుండును. కావుననే పరిశోధకులు మృతుల క్లోమములను యాచింతురు.

శవమును ఛేదించుట యపచారమని కొందఱందురు. దధీచి తన యెముకల నిచ్చుట యపచారమా? అడుగక గైకొనుటయే యపచారము. పేరు తెలియనివారి దానమువలనఁ గలిగిన జ్ఞానముచే మన బిడ్డలకు మందు గోరుచు, మన వంతు వచ్చినపుడు “మా యింట వలదు” అనుట ధర్మమా? చదువరులారా, జీవించియుండఁగనే ఇంటివారితో నీ మాట చెప్పుఁడు.