ఐదు నిమిషాల్లో వస్తా

అబద్ధాల్లో చాలా రకాలున్నాయి. లాభం కోసం ఆడేవి కొన్ని, భయం కొద్దీ ఆడేవి కొన్ని, ఎదుటివాళ్ళ మనసు నొప్పించడం ఇష్టంలేక ఆడేవి కొన్ని. ఇవికాక, అబద్ధమని మనకే తోచకుండా రోజుకు పదిసార్లు ఆడేసేది ఒకటుంది. "ఐదు నిమిషాల్లో వస్తా." పక్కింటావిడతో అంటాం, బడి దగ్గర ఎదురుచూసే పిల్లలతో అంటాం, గుమ్మంలో నిలబడిన ఇంటాయనతోనూ అంటాం. దీన్ని అబద్ధాల జాబితాలో ఎవరూ వేయరు. నేనూ వేయలేదు. ఆఫీసు పని మీద హైదరాబాదులో ఒక్క వారం గడిపాక వేయక తప్పలేదు.

నేనుండేది ఇంగ్లండులో. మా కంపెనీకి హైదరాబాదులో ఒక శాఖ ఉంది. సంక్రాంతి వెళ్ళిన మరుసటి వారం, సోమవారం నుంచి శుక్రవారం దాకా అక్కడ పని చూసి రమ్మని నన్నూ, నాతో పనిచేసే ఒక ఇంగ్లీషావిడనూ పంపారు. ఆవిడకు ఇండియా బొత్తిగా కొత్త. నాకు పుట్టిల్లు. అయినా ఇద్దరం ఒకే హోటల్లో దిగాం, ఒకే కారెక్కాం, ఇద్దరం సీసా నీళ్ళే తాగాం! నా చిన్నతనంలో మాదాపూర్ వైపంతా బండరాళ్ళూ ముళ్ళపొదలూను. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక చుట్టూ అద్దాల మేడలు వరసకట్టాయి. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన కూడా వచ్చింది. మా అమ్మ ఉండే పద్మారావునగర్ అక్కణ్ణించి 20 కిలోమీటర్లు ఉండదు. అయినా ఆ ఐదు రోజుల్లో అమ్మ దగ్గరికి వెళ్ళగలిగింది ఒక్క రాత్రే.

దానికి కారణం గడియారం. జనవరిలో ఇంగ్లండు కన్నా మనం 5 గంటల 30 నిమిషాలు ముందుంటాం. పగలంతా ఇక్కడివాళ్ళతో పని. అది తెమిలేసరికి అక్కడివాళ్ళు మధ్యాహ్నం భోజనాలు ముగించుకుని తీరిగ్గా ఫోన్లో మాట్లాడటానికి కూర్చుంటారు. వాళ్ళ మూడు గంటలు మనకు రాత్రి ఎనిమిదిన్నర. ఇద్దరి గడియారాలకూ మధ్య మనిషి నలగాల్సిందే.

మాకు రోజంతా ఒక కారు ఏర్పాటు చేశారు. రోజుకు 8 గంటలు, 80 కిలోమీటర్లు. అది దాటితే గంటకింత, కిలోమీటరుకింత. సాయంత్రం దిగేటప్పుడు డ్రైవరు ఒక ట్రిప్ షీటు చేతికిస్తాడు. బయల్దేరిన వేళ, వదిలిన వేళ, కిలోమీటర్లు అన్నీ రాసి ఉంటాయి. కింద సంతకం పెట్టాలి. డ్రైవరుకు ముప్ఫై ఏళ్ళుంటాయేమో, నెమ్మదైన మనిషి. "మాది నల్లగొండ దిక్కు మేడమ్. ఇప్పుడు బోరబండల ఉంటున్నం" అన్నాడు మొదటిరోజు.

ఆ మొదటిరోజే ఇంగ్లీషావిడ నన్నడిగింది, మనం లోపల ఉన్నంతసేపూ అతను ఎక్కడ కూర్చుంటాడు, ఎక్కడ తింటాడు అని. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు ఆవిడ పట్టుబట్టి అతన్ని హోటల్లో మాతోపాటు భోజనానికి కూర్చోబెట్టింది. పాపం, కుర్చీ అంచున కూర్చుని, బల్ల మీది కత్తులూ ఫోర్కులూ చూసి, రెండు రొట్టెలు గబగబా తిని, బతికాను బాబూ అన్నట్టు బయటపడ్డాడు. ఆ తరవాత భోజనం వేళకు కారు మాకు కనపడనంత దూరంలో పెట్టడం మొదలుపెట్టాడు! నేను లోలోపల నవ్వుకున్నాను. కాని ఆలోచిస్తే నవ్వడానికి నాకేం హక్కుంది? ఆవిడకు అడగాలని తెలుసు, ఎలా అడగాలో తెలీదు. నాకు ఎలా అడగాలో తెలుసు, అడగాలని తోచలేదు.

బుధవారం మధ్యాహ్నం ఒక ఆఫీసులో ఒక్క సంతకం పని మిగిలింది. "ఐదు నిమిషాల్లో వస్తాం, ఇక్కడే ఉండండి" అని డ్రైవరుతో చెప్పి పైకి వెళ్ళాం. టీ వచ్చింది. పెద్దాయన వచ్చారు. మాటల్లో భోజనం కూడా వచ్చింది. కిందికి దిగేసరికి నాలుగు. కారు ఎక్కడ వదిలామో అక్కడే ఉంది.

"తిన్నారా?" అన్నాను, ఆ పూట నాకు తోచి.

"లేదు మేడమ్. మీరు ఐదు నిమిషాలన్నరు గద."

దార్లో అతనికి ఫోనొచ్చింది. ఏమిటని అడిగితే చెప్పాడు. పాపకు పొద్దున్నించీ జ్వరం. భార్య ఒక్కతే ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి వచ్చింది. "ఇల్లు ఇక్కడికి దగ్గర్నే మేడమ్. పోయి చూసొద్దామనుకున్న. ఇంతల మీరొస్తరేమోనని పోలె. ఇప్పుడు తగ్గిందంట." అతని గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఈ సంగతి అక్కడి ఆఫీసులో ఒకాయనతో అన్నాను. "ఫరవాలేదండీ, వెయిటింగుకి డబ్బులిస్తున్నాంగా" అన్నారాయన. నిజమే, ఇస్తున్నాం. ట్రిప్ షీటు మీద ఆ మూడు గంటలూ ఉన్నాయి, నేనే సంతకం పెట్టాను. మరి నా మనసెందుకు ఊరుకోదు?

ఆ రాత్రి హోటలు గదిలో పడుకుని ఆలోచిస్తే ఒకటి తోచింది. ఎదురుచూడటంలో బాధ కాలం గడవడం కాదు, ఎంతసేపో తెలియకపోవడం. "మూడు గంటలు పడుతుంది" అని నేను చెప్పి ఉంటే ఆ మూడు గంటలూ అతనివయ్యేవి. ఇంటికి వెళ్ళేవాడు, పాప నుదుటి మీద చెయ్యి వేసి చూసేవాడు, ఇంత అన్నం తిని వచ్చేవాడు. ఐదు నిమిషాలనడం వల్ల ఆ మూడు గంటల్లో ప్రతి ఐదు నిమిషాలూ నావే అయిపోయాయి. నేను డబ్బిచ్చి కొన్నది అతని పని. మాట తప్పి తీసుకున్నది అతని మనసులోని తీరిక. దానికి ట్రిప్ షీటులో గడి లేదు.

కఠోపనిషత్తులో నచికేతుడి కథ మీకు తెలిసిందే. ఆ పిల్లవాడు యముడి ఇంటికి వెళ్ళేసరికి యముడు ఇంట లేడు. మూడు రాత్రులు తిండి లేకుండా అక్కడే ఉన్నాడు. తిరిగొచ్చిన యముడు క్షమించమని వేడుకుని, రాత్రికొకటి చొప్పున మూడు వరాలిచ్చాడు. చిన్నప్పుడు ఈ కథలో ఆ మూడో వరమే గొప్పదనుకునేదాన్ని, చావు తరవాత ఏమవుతుందనే ప్రశ్న కదా! ఇప్పుడు నాకు మొదటి ఘట్టమే పెద్దదిగా కనిపిస్తోంది. ప్రాణాలు తీసుకెళ్ళేవాడు కూడా ఒక పసివాణ్ణి గుమ్మంలో కాయించడం అప్పుగా భావించాడు. మనం ఎదురుచూసేవాళ్ళ ఓర్పును మెచ్చుకుంటాం. శబరిని మెచ్చుకున్నాం, పద్నాలుగేళ్ళూ నిద్రపోయిన ఊర్మిళ మీద ఆడవాళ్ళం పాటలే పాడుకున్నాం. ఎదురుచూసేలా చేసినవాళ్ళ లెక్క మాత్రం ఆ యముడిలాగా తీసినవాళ్ళు తక్కువ.

గురువారం నేను చాలా బుద్ధిమంతురాల్ని. సాయంత్రమే డ్రైవరుతో చెప్పేశాను. "తొమ్మిదిన్నర దాకా నాకు పనుంది. ఇంటికెళ్ళి పాపను చూసి, భోంచేసి రండి. తరవాత పద్మారావునగర్ వెళ్ళాలి." అతని ముఖం విప్పారింది. సరిగ్గా తొమ్మిదిన్నరకు వచ్చాడు. "పాప ఆడుకుంటుంది మేడమ్" అన్నాడు. నాకు ఎంతో గర్వంగా అనిపించింది.

అమ్మ దగ్గరికి చేరేసరికి పదిన్నర. వరండాలో లైటు వెలుగుతోంది. అమ్మ తలుపు తీస్తూనే, "కారు నడిపే అబ్బాయి తిన్నాడుటే?" అంది.

"తిన్నాడమ్మా. ముందే చెప్పి పంపాను."

"మంచిపని చేశావు" అంటూ కంచం పెట్టింది. "నువ్వు?" అంటే, "నేనెప్పుడో తినేశానే" అంది.

గిన్నె మీద మూత తీశాను. గుత్తివంకాయలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అన్నం గిన్నెలో హస్తం పడలేదు. అప్పుడు జ్ఞాపకం వచ్చింది, పొద్దున నేను అమ్మకు ఫోన్ చేసి "ఎనిమిదికల్లా వచ్చేస్తా" అన్నానని! పదిన్నరవుతుందని ఆ మాట అన్నప్పుడే నాకు తెలుసు. నాలుగు రోజుల పరిచయమున్న డ్రైవరుకు నిజం చెప్పడం నేర్చుకున్నాను. కన్నతల్లికి చెప్పలేదు. డ్రైవరుకు ట్రిప్ షీటుంది, అమ్మకు లేదు. అందుకేనేమో.

"పదిన్నరవుతుందంటే నువ్వు రావద్దంటావని..." అన్నాను.

"రావద్దంటానా? హాయిగా ఓ నిద్ర తీసి లేచేదాన్ని" అంది అమ్మ.

ఇద్దరం చల్లారిన అన్నం తిన్నాం. ఆవిడ బాధపడుతుందని ఆ అబద్ధం ఆడాననుకున్నాను. కాదు, ఆవిడ గొంతులో నిరాశ వినే ధైర్యం నాకు లేక ఆడాను. మనవాళ్ళతో ఆడే చిన్న అబద్ధాలు చాలావరకు ఇలాంటివే కాదంటారా? దయ అని పేరు పెట్టుకుంటాం. తప్పించుకునేది మనం, చీకట్లో వీధివైపు చూస్తూ కూర్చునేది వాళ్ళు.

శుక్రవారం చివరి ట్రిప్ షీటు మీద సంతకం పెట్టి, పాపకోసం అమ్మ కట్టిచ్చిన అరిసెల పొట్లం డ్రైవరు చేతికిచ్చి విమానం ఎక్కాను.

మొన్న ఆదివారం అమ్మకు ఫోన్ చేశాను. అన్నీ మాట్లాడాక, "మళ్ళీ ఎప్పుడొస్తావే?" అంది. "త్వరలో వస్తానమ్మా" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. "త్వరలో" అంటే ఏమిటి? ఐదు నిమిషాలకు అక్కగారు, అంతే.

"ఒక్క నిమిషం ఆగమ్మా" అని, లేచి గోడ మీది కాలెండరు తీశాను.