కనపడని వేడి, కనపడే అంకె

2020లో లాక్‌డౌన్ సడలి గుళ్లు మళ్లీ తెరుచుకున్నప్పుడు, మహానందికి వెళ్లినా అహోబిలానికి వెళ్లినా భక్తుడికి తీర్థం కంటే ముందు ఎదురైంది నుదుటికి గురిపెట్టిన తెల్లటి ప్లాస్టిక్ గన్. ముట్టుకోకుండానే ఒంటి వేడి చెప్పే ఆ పరికరాన్ని చూసి అప్పట్లో చాలామంది జంకారు కూడా. అందులోంచి ఏవో కిరణాలు మెదడులోకి దూరతాయని ఫోన్లలో పుకార్లు తిరిగాయి. అది లోపలికి పంపేది ఏమీ లేదు. ఒంటి నుంచి బయటికి వచ్చేదాన్ని పుచ్చుకుని లెక్కగడుతుంది, అంతే.

దానికి అన్న వరసయ్యే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఎలక్ట్రీషియన్ల సంచుల్లో, ఏసీ మెకానిక్కుల చేతుల్లో ఉంటుంది. నుదుటి గన్ మనిషి జ్వరం పరిధి దాటితే చేతులెత్తేస్తుంది. ఇది సున్నాకు బాగా దిగువ నుంచి మూడు, నాలుగు వందల డిగ్రీల దాకా చదువుతుంది. ట్రిగ్గర్ నొక్కితే ఎర్రచుక్క పడుతుంది, తెర మీద అంకె వస్తుంది. "ఇదిగో, చూడండి" అంటాడు పట్టుకున్నవాడు. కానీ అతను చూసిందేమిటి? వేడినా, అంకెనా, లోపాన్నా? ఈ మూడూ ఒకటేనా? మన తార్కికులు వందల ఏళ్లు వాదించుకున్న ప్రశ్న ఇది. నంద్యాలలో ఒక మిల్లు ప్యానెల్ బోర్డు ముందు నిలబడితే అది ఇంకా తెగలేదని తెలుస్తుంది.

నంద్యాల చుట్టూ రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లులు, విత్తనాల గోదాములు ఉన్నాయి. మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజులు ఇక్కడ వింత కాదు. అలాంటి ఒక మధ్యాహ్నం మిల్లు మంచి లోడు మీద తిరుగుతుండగా ప్యానెల్ తలుపు తెరిచి మూడు ఫేజుల కేబుల్ లగ్గుల (తీగ కొసకు తొడిగి నట్టుతో బిగించే లోహపు ముక్కల) మీద గన్ పెట్టారనుకుందాం. ఆర్ ఫేజు 57, వై ఫేజు 79, బి ఫేజు 58. యజమానికి నమ్మకం కుదరదు.

"ఏంది చిన్నా, పొద్దున చూస్తే సల్లగనే ఉండె గదా?"

"పొద్దున మిల్లు యాడ తిరిగింది అన్నా? లోడు లేకుండ వేడి యాడ నుంచి వస్తాది?"

ఎలక్ట్రీషియన్ రెండు ముక్కల్లో చెప్పిన ఈ జవాబులో ఒక ప్రమాణ శాస్త్రమే ఉంది. దాన్ని విప్పి చూడాలంటే ముందు ఆ వేడి కంటికి ఎందుకు కనపడదో తెలియాలి.

1800లో ఇంగ్లండులో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, ఒక్కో రంగులో ఎంత వేడి ఉందో థర్మామీటర్లతో కొలిచాడు. ఎరుపు దాటిన చోట, ఏ రంగూ కనపడని చోట పెట్టిన థర్మామీటరే ఎక్కువ వేడి చూపించింది. ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు శాస్త్రానికి తెలిసింది అప్పుడే. కాగుతున్న ఏ వస్తువైనా ఈ కిరణాలను వెదజల్లుతుంది. బాగా ఎర్రగా కాలితే తప్ప మన కంటికి ఆ సంగతి తెలియదు.

అంతకు ఎంతో ముందే మన తార్కికుల్లో ఒక వర్గమైన వైశేషికులు ఈ చిక్కును మరో దారిలో పట్టుకున్నారు. వేడి స్పర్శ గలది తేజస్సు, అంటే అగ్ని. నీటి సొంత స్పర్శ చల్లదనం. మరి కాగిన నీళ్లు చెయ్యి కాలుస్తాయి కదా, అందులో అగ్ని ఉన్నట్టా లేనట్టా? ఉంది, కానీ దాని రూపం ఉద్భూతం కాలేదు అన్నారు వాళ్లు. అంటే స్పర్శ బయటపడింది, రూపం మరుగున ఉండిపోయింది. ఈ లెక్కన అగ్నిని నాలుగు రకాలుగా విడగొట్టారు. సూర్యుడి విషయంలో రూపమూ స్పర్శా రెండూ తెలుస్తాయి. దీపపు వెలుగులో రూపం తెలుస్తుంది, స్పర్శ తెలియదు. వేడి నీళ్లలో స్పర్శ తెలుస్తుంది, రూపం తెలియదు. కంటి కిరణంలో రెండూ తెలియవు.

ఆ నాలుగోది వింతగా తోస్తుంది. కంటి నుంచి ఒక కిరణం బయలుదేరి వస్తువును తాకితేనే చూపు కలుగుతుందని వాళ్ల తోటి తార్కికులైన నైయాయికుల మతం. బౌద్ధులు ఒప్పుకోలేదు. పదో, పదకొండో శతాబ్దాల్లో అరబ్బు పండితుడు ఇబ్న్ అల్ హైథమ్ కాంతే వచ్చి కంట్లో పడుతుందని వాదించాడు, ఆధునిక శాస్త్రం అదే దారిన నడిచింది. అయినా పాత సిద్ధాంతం చావలేదు. గన్ నుంచి వెళ్లే ఎర్రచుక్క వస్తువును తాకి వేడి కొలుచుకు వస్తుందని ఇవాళ్టికీ చాలామంది అనుకుంటారు. ఆ లేజరు గురి చూపడానికే. కొలిచేది దాని చుట్టూ ఉన్న, కంటికి కనపడని ఒక గుండ్రటి మేరను. 12:1 అని రాసిన గన్‌ను పన్నెండు అడుగుల దూరం నుంచి పడితే అడుగు వెడల్పున ఉన్నదంతా కలిపి సగటు చెబుతుంది. ఎర్రచుక్క సరిగ్గా లగ్గు మీదే ఉంటుంది, అంకె మాత్రం లగ్గుదీ, దాని వెనక రేకుదీ, పక్కన వైర్లదీ కలగలిసిన అంకె.

కాబట్టి పట్టుకున్నవాడికి ప్రత్యక్షంగా తెలిసింది తెర మీది అంకె ఒక్కటే. దాని నుంచి వేడికి వెళ్లడం ఒక అనుమానం, అంటే గుర్తును బట్టి తేల్చుకోవడం; వేడి నుంచి వదులైన నట్టుకు వెళ్లడం ఇంకో అనుమానం. తర్కం నేర్చుకునేవాడికి మొదట చెప్పే అనుమానం కూడా నిప్పు గురించే. కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పు ఉంది. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంతో చదువు మొదలుపెట్టిన విద్యార్థులు తరతరాలుగా ఈ కొండనే ఎక్కారు. పొగకు నిప్పుతో విడదీయరాని జోడీ ఉంది, దాన్ని వ్యాప్తి అంటారు. అనుకూలంగా వంటిల్లును చూపిస్తారు, ప్రతికూలంగా చెరువును చూపిస్తారు.

కరెంటు దగ్గర మాత్రం పొగ దాకా ఆగితే అనుమానం నిజమవుతుంది గానీ అక్కరకు రాదు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు రేగి తొమ్మిది మంది చనిపోయారు. ఒక్కోటి 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్న కేంద్రం అది. సొరంగం నిండా కమ్మిన పొగ వల్ల సహాయక బృందాలు లోపలికి వెళ్లడానికే అవస్థ పడ్డాయి. కృష్ణకు ఇవతలి ఒడ్డున శ్రీశైలం ఇప్పుడు నంద్యాల జిల్లాలోనే ఉంది. పొగ కంటే ముందు కనిపించే గుర్తు ఒకటి కావాలన్న అవసరం ఎంత పెద్దదో చెప్పడానికి ఈ ప్రాంతం దూరం పోనక్కర్లేదు. ఉత్త వేడి అలాంటి గుర్తు. కానీ దాన్ని పట్టే పరికరం కూడా మోసపోతుంది.

ఎలా మోసపోతుందో మహానంది కోనేరు దగ్గర తెలుసుకోవచ్చు. లోతు నుంచి ఉబికే ఆ నీళ్లు ఎండాకాలం చల్లగా, చలికాలం గోరువెచ్చగా ఉంటాయని అంటారు. ఊట నీటి వేడి కాలంతో పెద్దగా మారదు. మారేది బయటి గాలి, దానితో మన చర్మం. చలికాలం తెల్లవారుజామున అలాంటి నీటి మీద ఆవిరి లేస్తే దూరం నుంచి పొగలా ఉంటుంది. దాన్ని చూసి అక్కడ నిప్పుందనుకుంటే తార్కికుడు హేత్వాభాస అంటాడు. హేతువులా కనిపిస్తుంది గానీ హేతువు కాదు.

ప్యానెల్‌లో ఆ ఆవిరి స్థానంలో ఉండేది మెరుపు. తళతళలాడే రాగి, అల్యూమినియం తమ వేడిని సరిగ్గా వెదజల్లవు, చుట్టుపక్కల వేడిని అద్దంలా తిప్పికొడతాయి. మామూలు గన్‌లన్నీ ఎదుటి వస్తువు ఆ వేడి దగ్గర వెదజల్లగలిగే గరిష్ఠంలో 95 శాతం వెదజల్లుతుందన్న లెక్కతో వస్తాయి. రంగు వేసిన రేకుకు, రబ్బరుకు, నల్లటేపుకు ఆ లెక్క సరిపోతుంది. మెరిసే రాగి వెదజల్లేది అయిదు శాతం మాత్రమే. షెడ్డులో 40 డిగ్రీలున్నప్పుడు 90 డిగ్రీల దాకా కాగిన మెరిసే బస్‌బార్ (కరెంటు మోసే లోహపు పట్టీ) మీద గన్ పెడితే 43, 44 దగ్గర ఆగిపోవచ్చు. చెయ్యి పెడితే కాలిపోతుంది, అంకె మాత్రం చల్లగా ఉందంటుంది.

నైయాయికులకు ఇదేమీ కొత్త కాదు. పొగ ఉంటే నిప్పు ఉండి తీరుతుంది, కానీ నిప్పు ఉన్నంత మాత్రాన పొగ రాదు. పచ్చికట్టె తోడైతేనే వస్తుంది. అలా చాటున ఉండి జోడీని నిలబెట్టే షరతుకు ఉపాధి అని పేరు. అంకెకూ వేడికీ ఉన్న జోడీకి ఉపాధి ఉపరితలం. అనుభవమున్న ఎలక్ట్రీషియన్ కరెంటు పూర్తిగా ఆపి, మెరిసే చోట ముందుగానే ఒక నల్లటేపు ముక్క అంటించి, తర్వాత ఆ టేపు మీదే కొలుస్తాడు. ఇంకో తమాషా ఉంది. వైశేషికులు బంగారాన్ని కూడా తేజస్సులోనే వేశారు, అందులోని పార్థివ (మట్టి) భాగం దాని అసలు రూపాన్నీ స్పర్శనూ కప్పేసిందని సమాధానం చెప్పారు. ఇన్‌ఫ్రారెడ్ గన్ దగ్గర తన వేడిని బాగా దాచుకునే లోహాల్లో బంగారం ఒకటి.

ఏసీల దగ్గర తప్పు ఇంకో రకం. మెకానిక్ స్ప్లిట్ ఏసీ నోటికి గన్ పెట్టి "గాలి 14 ఉంది" అంటాడు. గన్‌కు గాలి కనపడదు, అది చదివింది గాలి తగిలి చల్లబడిన ప్లాస్టిక్ రెక్కను. గాలికి స్పర్శ ఉంది, రూపం లేదు అని తర్కసంగ్రహం చెబుతుంది. ఈ పరికరానికి సంబంధించినంత వరకు ఆ మాట అక్షరాలా చెల్లుతుంది. లోపలికి పోయే గాలికీ బయటికి వచ్చే గాలికీ సుమారు 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉందో లేదో నిజంగా తేల్చాలంటే గాలిలో పెట్టే ప్రోబ్ థర్మామీటరే కావాలి. కంప్రెసర్ మోటారు ఒళ్లు, కెపాసిటర్, టెర్మినళ్లు మాత్రం గన్‌కు తగిన పని.

ఇదే జిల్లాలోని ఆళ్లగడ్డ శిల్పులకు చూపు చాలదన్న సంగతి వేరే చెప్పనక్కర్లేదు. రాయిని ఎంచుకునేటప్పుడు సుత్తితో తట్టి చెవి ఒగ్గుతారు. ఖంగుమంటే ఒక లెక్క, మొద్దుబారిన శబ్దం వస్తే లోపల పగులుందని ఇంకో లెక్క. ఒక్క దెబ్బ విని తీర్పు చెప్పరు, అటూ ఇటూ తట్టి శబ్దాలను పోల్చుకుంటారు. ప్యానెల్ దగ్గరా నమ్మదగింది పోలికే. ఒకే లోడు మోసే మూడు ఫేజులు ఒకే వేడిలో ఉండాలి. అమెరికాలో విద్యుత్ పరీక్షలకు ప్రమాణాలు పెట్టే నెటా సంస్థ లెక్క ప్రకారం ఒకే రకమైన భాగాల మధ్య తేడా 1 నుంచి 3 డిగ్రీలుంటే లోపం ఉండొచ్చు, పరిశీలించాలి. 4 నుంచి 15 అయితే లోపం ఉండే అవకాశం ఎక్కువ. 15 దాటితే వెంటనే బాగుచేయాలి. సంశయం, సంభావన, నిశ్చయం అని మూడు మెట్లు కట్టినట్టే ఉంది. మన మిల్లులో వై ఫేజు మిగతా రెండింటికంటే 21, 22 డిగ్రీలు పైనుంది.

అసలు గడ్డు సమస్య అంకె మామూలుగా ఉన్నప్పుడు వస్తుంది. ఏమీ కనపడలేదు కాబట్టి ఏమీ లేదనవచ్చా? దీనికి మీమాంసకుల్లో కుమారిల భట్టు వర్గం అనుపలబ్ధి అని ఒక ప్రమాణాన్నే విడిగా ఒప్పుకుంది. అయితే ఒక కట్టుబాటు పెట్టింది. ఉంటే కనపడి తీరాల్సిన పరిస్థితిలో కనపడకపోతేనే లేదని తేల్చాలి. చీకటి గదిలో కుండ కనపడలేదని కుండ లేదనకూడదు. ఎలక్ట్రీషియన్ జవాబు సరిగ్గా ఇదే. వదులైన జాయింటులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. లోడు సగానికి తగ్గితే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే తనిఖీ సమయంలో కనీసం 40 శాతం లోడు ఉండాలని అమెరికా అగ్నిప్రమాద నివారణ ప్రమాణాలు సూచిస్తాయి. తెల్లవారుజామున ఆగి ఉన్న మిల్లులో తీసిన అంకె చీకటి గదిలో చూపు లాంటిది.

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం దగ్గరే. ఎగువ అహోబిలం కొండల్లో ఉగ్రస్తంభం అనే శిల ఉంది, దాని దగ్గర్లోనే జ్వాలా నరసింహుడి గుడి. స్తంభంలో దేవుడు ఉన్నాడా అని తండ్రి అడగడం, ఉన్నాడని కొడుకు చెప్పడం ఇక్కడే జరిగిందని స్థలపురాణం. కనపడని వేడిని యంత్రం చూపించింది కాబట్టి కనపడని దేవుడూ ఉన్నట్టే అని ఉపన్యాసాల్లో ఒక వాదం వినిపిస్తుంటుంది. పదో శతాబ్దంలో ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలి రాసి ఈశ్వరుణ్ణి నిరూపించడానికి నడుం కట్టాడు, అయినా ఇంత తేలిక దారి పట్టలేదు. చూడదగిన వస్తువు కనపడకపోతేనే లేదనాలి, ఈశ్వరుడు ఆ కోవలోకి రాడు, కాబట్టి కనపడకపోవడం అతను లేడనడానికి ఆధారం కాదు అన్నాడు. కనపడకపోవడమే ఉండటానికి రుజువని మాత్రం అనలేదు. ఉన్నాడనడానికి వేరే హేతువులు వెతికాడు. లగ్గులో వేడి దేవుడి లాంటి అగోచరం కాదు. లోడు పెంచితే, టేపు అంటిస్తే, దగ్గరికి జరిగితే దొరుకుతుంది. దొరికించుకునే వీలున్న దాన్ని వెతకకుండా లేదనుకోవడానికి ఏ దర్శనమూ ఒప్పుకోదు.

పురాణంలో తండ్రి తప్పు స్తంభంలోని దేవుణ్ణి కాదనడం ఒక్కటే కాదు. పగలు వద్దు, రాత్రి వద్దు, ఇంట్లో వద్దు, బయట వద్దు అని అపాయాలన్నీ జాబితా రాయించుకుని, అందులో లేనిది ఇక రాదనుకున్నాడు. సంధ్యవేళ, గడప మీద అతని లెక్క తప్పింది. తనిఖీ రిజిస్టర్లో వరసగా టిక్కులు పెట్టి చివర "అంతా బాగుంది" అని రాసే అలవాటుకూ అదే గండం పొంచి ఉంటుంది.

నంద్యాల మిల్లు రిజిస్టర్లో ఆ రోజు రాయాల్సింది ఇలా ఉండాలి: సమయం మధ్యాహ్నం 3 గంటలు, షెడ్డులో వేడి 43, లోడు సుమారు 80 శాతం, కొలిచింది అడుగు దూరం నుంచి, లగ్గుల మీద నల్లటేపు ఉంది, వై ఫేజు మిగతా రెండింటికంటే 21, 22 డిగ్రీలు ఎక్కువ. సప్లై ఆపి, విప్పి, శుభ్రం చేసి, నట్టు బిగించాక అదే లోడు మీద, అదే దూరం నుంచి మళ్లీ కొలిచి పక్కన ఇంకో అంకె వేయాలి. ఆర్, బి ఫేజుల గడుల్లో "లోపం లేదు" అని కాకుండా "ఈ లోడు వద్ద తేడా కనపడలేదు" అని రాయాలి. కొత్త ధాన్యం వచ్చి మిల్లు రెండు షిఫ్టులు తిరిగే రోజుల్లో ఆ గడులు మళ్లీ నింపాల్సి ఉంటుంది.