సిద్దెలో డీజిలు

రాణిగంజ్‌లో మా మేస్త్రి, నా బండికి రెండోదిగా పెట్టిద్దామనుకున్న పాత డీజిలు ట్యాంకును నేలమీద బోర్లేసి స్పానరుతో అక్కడక్కడా కొట్టి చూశాడు. మూడు వైపులా గణగణమంది. నాలుగో మూల దబ్బుమని ఊరుకుంది. "గీడ తుప్పు తిన్నదన్నా. కోసి అతుకు ఏయాలె" అన్నాడు. వెయ్యమన్నాను. ఇప్పుడే వెయ్యడట. ముందు సర్ఫు నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, మెడదాకా నీళ్లు నింపి, ఆ తర్వాతే వెల్డింగ్ మంట దగ్గరికి తెస్తాడట. "ఖాళీ ట్యాంకుతోనే భయమన్నా. లోపట ఏం లేదనుకుంటం, ఆవిరుంటది" అన్నాడు. ఆ ఆవిరికి గాలి తోడై, ఒక్క రవ్వ పడితే చాలునట.

నా బండి 2008 మోడల్ బొలెరో పికప్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఇళ్లు మారేవాళ్ల సామాన్లు తోలడం నా బతుకు. తిరుమలగిరి, బొల్లారం, కార్ఖానా వైపు మిలిటరీ కుటుంబాలకు బదిలీలు ఎక్కువ కాబట్టి పనికి లోటుండదు. జహీరాబాద్, బీదర్ కిరాయిలూ తగులుతుంటాయి. డీజిలు ముల్లు చచ్చిపోయి నాలుగేళ్లయింది. ఎక్కడ ఎంత పోయించానో, అప్పటికి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో డ్యాష్‌బోర్డు మీద చిన్న నోటుబుక్కులో రాసుకుంటాను. లీటరుకు పదకొండు కిలోమీటర్ల లెక్కన ఇంకెంత దూరం పోగలనో అంచనా వేసుకుంటాను. రాసుకోవడం మరిచిన రోజున మిగిలేది విశ్వాసమే.

రెండో ట్యాంకు ఎందుకని మా ఆవిడ అడిగితే బీదర్ లెక్క చెప్పాను. 2024 మార్చి నెలాఖరుకు హైదరాబాద్‌లో డీజిలు లీటరు 95 రూపాయల 65 పైసలు. సరిహద్దు దాటి కర్ణాటక బంకులో పోయించుకుంటే అప్పట్లో తొమ్మిది పది రూపాయలు తక్కువ. అరవై లీటర్ల ట్యాంకు ఇంకోటుంటే ట్రిప్పుకు ఐదు వందల పైన మిగులుతుందన్నాను. లెక్క సరిగ్గానే ఉంది. ఆవిడ నా మొహం చూసి, "జనవరి భయం ఇంకా పోలేదా?" అంది.

ఆ జనవరి చాలామందికి గుర్తుండే ఉంటుంది. కొత్త భారతీయ న్యాయ సంహితలో ఢీకొట్టి పారిపోయే డ్రైవర్లకు పదేళ్ల దాకా జైలన్న సెక్షను మీద దేశమంతా లారీలు, ట్యాంకర్లు ఆగాయి. 2024 జనవరి 2న హైదరాబాద్, సికింద్రాబాద్ బంకుల ముందు వరసలు రోడ్లెక్కాయి. చర్లపల్లి నుంచి ట్యాంకర్లు రావట్లేదన్న మాట ఊరంతా పాకింది. చంచల్‌గూడలో ఫుడ్ డెలివరీ కుర్రాడొకడు గుర్రమెక్కి బిర్యానీ ఇవ్వడానికి పోతే ఆ వీడియో దేశమంతా చూసింది. నేను మాత్రం నవ్వుకుంటూ ఇంట్లో కూర్చున్నాను. ముందు రోజే ట్యాంకు నింపించి, ముప్పై అయిదు లీటర్ల క్యాను ఒకటి మెట్ల కింద గోనెపట్టా కప్పి పెట్టాను.

సాయంత్రం పక్కింటతను వచ్చాడు. అతనికి టాటా ఏస్ ఉంది. తెల్లవారుజామున బోయిన్‌పల్లి మార్కెట్ యార్డు నుంచి కూరగాయలు తెచ్చి గల్లీల్లో అమ్ముతాడు. "అన్నా, ఓ అయిదు లీటర్లుంటే సర్దుతవా? రేపు బండి తియ్యకుంటే ఒప్పుకున్న సరుకు పాడైతది" అన్నాడు.

"లేదు తమ్మీ" అన్నాను. అనుకుని చెప్పిన అబద్ధం కాదు. నోరు దానంతటదే తెరుచుకుని మూసుకుంది. అతను వెళ్లి బంకు దగ్గర వరసలో నిలబడ్డాడు. ఆ రాత్రే లారీల సంఘాలు ప్రభుత్వంతో మాట్లాడి సమ్మె ఆపేశాయి. మర్నాటికల్లా బంకులు మామూలయ్యాయి. నా క్యాను మెట్ల కిందే ఉండిపోయింది.

ఇరవై ఏళ్లుగా మా చర్చిలో పిల్లలకు సండే స్కూలు చెబుతున్నాను. మత్తయి 25వ అధ్యాయంలోని పదిమంది కన్యకల కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. పెళ్లికొడుకు కోసం దివిటీలు పట్టుకుని ఎదురుచూస్తారు. అయిదుగురు బుద్ధిగలవాళ్లు సిద్దెల్లో అదనంగా నూనె తెచ్చుకుంటారు, అయిదుగురు తెచ్చుకోరు. అర్ధరాత్రి దివిటీలు కొడిగడతాయి. లేనివాళ్లు అడిగితే ఉన్నవాళ్లు ఇవ్వరు, పోయి కొనుక్కోమంటారు. వాళ్లు కొనుక్కుని వచ్చేసరికి తలుపు వేసేసి ఉంటుంది. ఈ కథను ఎప్పుడూ ఒకటే పాఠంగా చెప్పేవాణ్ణి: సిద్ధంగా ఉండండి, హోంవర్కు ముందే చేసుకోండి. పిల్లలు తలలూపేవారు.

ఆ ఏడాది చెప్పబోతే గొంతు పట్టేసింది. ఉన్నవాళ్లు లేదన్న మాట దగ్గర నా మెట్ల కింది గోనెపట్టా కళ్లముందుకు వచ్చింది. మా చర్చి అయ్యగారిని అడిగితే ఆ నూనెకు అర్థం విశ్వాసమనీ, ఒకరి విశ్వాసాన్ని ఇంకొకరికి పంచడం కుదరదనీ చెప్పారు. సరే, విశ్వాసం అప్పియ్యలేం. డీజిలు ఇవ్వచ్చు కదా అయ్యగారూ అనబోయి ఊరుకున్నాను. బుద్ధిగల కన్యకల మీద నాకు కోపం లేదు. పంచుకుంటే పది దివిటీలూ నడిదారిలో ఆరిపోయేవేమో. కొన్ని అవసరాలు అంత బిగువుగానే ఉంటాయి. నా ముప్పై అయిదు లీటర్లలో అయిదు ఇస్తే నా దివిటీ ఆరేది కాదు.

అదే బైబిల్లో ఇంకో రెండు కథలు ఈ ట్యాంకు గొడవకు సూటిగా తగులుతాయి. లూకా 12లో ధనవంతుడు పంట బాగా పండితే పాత కొట్లు విప్పి ఇంకా పెద్దవి కట్టిద్దామనుకుంటాడు. ఆ రాత్రే పోతాడు. రెండో రాజుల గ్రంథం 4లో అప్పులవాడు పీడిస్తున్న విధవరాలి ఇంట్లో నూనెకుండ ఒక్కటే ఉంటుంది. ఎలీషా ప్రవక్త ఆమెను ఇరుగుపొరుగు ఇళ్లకు పోయి వట్టి పాత్రలు ఎరువు తెమ్మంటాడు, అవీ కొన్ని కాదు, చాలా తెమ్మంటాడు. పాత్రలు ఉన్నంతసేపూ నూనె ధార ఆగదు. ఇంక పాత్ర లేదని కొడుకు చెప్పాకే ఆగుతుంది.

పెద్ద కొట్టు కట్టడమూ పాత్రలు పోగేయడమూ రెండూ చోటు పెంచుకోవడమే. ఒకడు బుద్ధిహీనుడైతే ఇంకొకామె దీవెన పొందింది. చాలాకాలం నాకిది అంతుపట్టలేదు. డబ్బున్నవాడు చెడ్డ, లేనిది మంచి అని తేల్చేస్తే సులువే, కానీ అంత సులువుగా తేలే కథలు కావవి. ఇప్పుడు నాకు తోచేదేమంటే, ఆమె పెంచుకున్న చోటు ఆమెది కాదు. పాత్రలు పొరుగువాళ్లవి. నూనె అమ్మి అప్పు తీర్చాక ఎవరి పాత్ర వాళ్లకు తిరిగి ఇవ్వాల్సిందే. ధనవంతుడి మాటల్లో నా పంట, నా కొట్లు, నా ఆస్తి తప్ప ఇంకో మనిషి ఊసే లేదు.

నిల్వ చేయడమే తప్పని కూడా అనలేను. బైబిల్లోనే, ఎడారిలో తిండిగా కురిసిన మన్నాను రేపటికని దాచినవాళ్లకు అది పురుగు పట్టి కంపు కొట్టింది. ఆరో రోజు మాత్రం దేవుడు రెండింతలు ఏరుకుని దాచమన్నాడు, అది చెడలేదు. ఒక ఓమెరు మన్నా గిన్నెలో పోసి తరతరాల వాళ్లకు చూపించడానికి ఉంచమన్నాడు, అదీ చెడలేదు. మన్నా అదే, తేడా ఎందుకోసం దాచారన్న దాంట్లో ఉంది. ఈ మాట అనుకున్నప్పుడల్లా మెదక్ చర్చి గుర్తొస్తుంది. సికింద్రాబాద్‌లో మిలిటరీ వాళ్ల మధ్య సువార్త పని మొదలుపెట్టి మెదక్ చేరిన పాస్నెట్ దొర, కరువులో పని లేనివాళ్లకు పని చూపించి తిండి పెడుతూ కట్టించినదది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. అదీ నిల్వే, బియ్యం బస్తాల నిల్వ. ఒక చేత్తో వచ్చి ఇంకో చేత్తో పోయింది. ఇప్పుడక్కడ ధాన్యం లేదు, రాతిగోపురం ఉంది.

మేస్త్రి షాపు గోడ మీద ఎల్ఐసీ క్యాలెండరు వేలాడుతుంటుంది. రెండు అరచేతుల మధ్య దీపం, కింద భగవద్గీత తొమ్మిదో అధ్యాయంలోని మాట. లేనిది సమకూర్చడం యోగం, ఉన్నదాన్ని కాపాడడం క్షేమం, ఆ రెండూ తానే మోస్తానని కృష్ణుడు అంటాడని మా తెలుగు మాస్టారు చెప్పేవారు. దేవుడు మోస్తానన్న బరువుకే 1956 నుంచి దేశమంతా ప్రీమియం కడుతోంది. ఇది ఎగతాళి కాదు, నాకూ పాలసీ ఉంది.

ఆ క్యాలెండరు కిందే మేస్త్రి నాకు రిటర్న్ పైపు సంగతి చెప్పాడు. డీజిలు పంపు ఇంజను కాల్చేదానికన్నా ఎక్కువే లాగుతుంది. కొంత కాలుతుంది. మిగిలింది పంపునూ ఇంజెక్టర్లనూ చల్లబరిచి, వాటికి జారుడు ఇచ్చి, ఇంకో సన్న పైపులోంచి తిరిగి ట్యాంకుకే వస్తుంది. రోజంతా బండి నడిపే నాకు ఇన్నేళ్లలో ఈ సంగతి తెలీదు. "చానమంది రెండో ట్యాంకుకు లాగే పైపు ఒక్కటే కలుపుతరు. రిటర్న్ మరుస్తరు" అన్నాడు. అప్పుడు ఇంజను రెండో ట్యాంకులోంచి లాగి మొదటిదాంట్లో పోస్తుంటుంది. మొదటిది అప్పటికే నిండుగా ఉంటే మూతలోంచి, గాలిగొట్టంలోంచి రోడ్డు పాలు. అందుకని తీసుకునే దారినీ తిరిగిచ్చే దారినీ ఒకేసారి మార్చే కాక్ పెట్టాలి. అడుగున పైపు వేసి రెండు ట్యాంకులనూ కలిపితే ఆ బాధ తగ్గుతుంది గానీ, ఒకటి కారితే రెండూ ఖాళీ.

చేతికంటిన మడ్డిని పాతగుడ్డకు తుడుచుకుంటూ ఆయన సైజులు, రేట్లు చెబుతున్నాడు. నేను లూకా కొట్ల దగ్గరే ఆగిపోయాను. వాటికి రిటర్న్ పైపు లేదు.

చివర్లో చట్టం సంగతి కూడా ఆయనే ఎత్తాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు అదే గట్టిగా చెప్పింది. పట్టుకుంటే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరునెలల దాకా జైలూ ఉండొచ్చు. యాక్సిడెంటైతే ఇన్సూరెన్సు వాళ్లు కొర్రీ పెట్టడానికి అంతకన్నా ఏం కావాలి. "చెప్పుడు నా ధర్మం, కట్టుడు నా పని. ఏది జెయ్యాల్నో నువ్వే జెప్పు" అన్నాడు. ఆలోచించుకుంటానని అయిదు వందల బజానా ఆయన చేతిలో పెట్టి వచ్చాను.

ఆషాఢంలో, మహంకాళి బోనాల వారమే, తెల్లవారక ముందు బీదర్ కిరాయి తగిలింది. ఒక టీచరమ్మ ఇల్లు మారుతోంది. సామాన్లలో విప్పని అట్టపెట్టెలు రెండున్నాయి, కిందటి బదిలీ నాటి టేపు అలాగే ఉంది. ఇలాంటివి ప్రతి ఇంట్లో చూస్తాను. ఏముందో వాళ్లకూ తెలీదు, అయినా ముందు వాటినే జాగ్రత్తగా ఎక్కించమంటారు. ఆ పొద్దున నోటుబుక్కు చూస్తే ట్యాంకు అడుక్కి వచ్చింది. మెట్ల కింది క్యాను తీసి, చీకట్లో చూసుకోకుండా మొత్తం గుమ్మరించాను.

సదాశివపేట దాటాక బండి ఎగిరెగిరి పడి ఆగిపోయింది. ఫిల్టరు అడుగు స్క్రూ వదులు చేస్తే డీజిలుకు బదులు ముందు నీళ్లొచ్చాయి. వెనకే నల్లటి జిగురు, వేళ్ల మధ్య సాగింది. క్యాను మూత సరిగ్గా బిగించకపోవడంతో ఆరునెలల తేమంతా లోపల చేరింది. ముందే తేటగా వంచి చూసినా అడుగున కనబడేది. ఫిల్టరు మార్చి, గాలి పోయేదాకా చేతిపంపు నొక్కుతూ కూర్చున్నాను. బుడగలు ఆగి చిక్కగా ధార రావడానికి ముప్పావుగంట పట్టింది. టీచరమ్మ గొడుగు పట్టుకుని నిలబడి, "డీజిలు అయిపోయిందా అన్నా?" అని అడిగింది. ఎక్కువైందమ్మా అన్నాను. ఆమెకు అర్థం కాలేదు.

ట్యాంకు కట్టించలేదు. దసరాకు ముందు మేస్త్రి దాన్ని పాత ఇనుముకు అమ్మేశాడు. నా బజానా ఆయన ఇవ్వలేదు, నేనూ అడగలేదు. కొత్త క్యాను కొన్నాను, పది లీటర్లది, మూత గట్టిది. నెలకోసారి బండిలో పోసేసి కొత్తది పట్టి పెడతాను. దాని సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు.

పక్కింటి ఏస్ ఇప్పటికీ మూడున్నరకే స్టార్టవుతుంది. చలికి మొదటిసారి అందుకోదు. మంచంలో పడుకుని సెల్ఫు ఎన్నిసార్లు కొడతాడో లెక్కపెడుతుంటాను. మొన్న ఆ వేళకు గేటు దగ్గరే ఉన్నాను. "అన్నా, మార్కెట్ల ఏమన్న తేవాల్నా?" అన్నాడు. లేదన్నాను. అతను బండెక్కుతుంటే మళ్లీ పిలిచి రెండు కిలోల టమాటలు తెమ్మన్నాను. డబ్బులివ్వబోతే తెచ్చినంక ఇయ్యమన్నాడు. క్యాను మాట నోటిదాకా వచ్చింది. అప్పటికే గేరు వేశాడు.